ప్రెషర్ కుక్కర్ ఇవ్వను అన్నాను

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఇక్కడ ఆస్ట్రేలియాలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా అమ్మాయి ఇంటికి ఒక కొత్త జంట వచ్చారు. అబ్బాయి ఐటీ ఉద్యోగం మానేశాడు. అమ్మాయికి యూనివర్సిటీ చదువు అయిపోయింది. ఇద్దరూ మిషనరీలుగా ఉత్తరాన ఒక దీవికి వెళ్తున్నారు. "ఆంటీ, మీరు పదకొండేళ్ళు ఐలాండ్‌లో ఉన్నారంటగా. డైలీ లైఫ్ ఎలా ఉంటుందో కొంచెం టిప్స్ ఇవ్వరా?" అంది ఆ పిల్ల, ఫోన్ మీద బొటనవేలు సిద్ధంగా పెట్టుకుని. పులిహోర పెట్టి పంపించాను గానీ టిప్సేమీ చెప్పలేదు. నేను చెప్పాల్సినదాంట్లో నా తప్పే ఎక్కువ. అది నిలబడి చెప్పే మాట కాదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మాది నరసాపురం పక్కన పల్లె. రాయడం పెద్దగా రాదు గానీ చూసింది మర్చిపోను. మా ఆయన పాస్టరు. మన సంఘాల్లో పాస్టర్‌ని అయ్యగారంటాం, ఇంట్లో నేనూ అలాగే అంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. అయ్యగారు రిటైరైన రోజు మిషన్ వాళ్ళిచ్చిన కాగితంలో ఆయన పేరొక్కటే ఉంది. పని మాత్రం ఇద్దరం చేశాం. కాబట్టి అయ్యగారి అనుభవాలు ఆయన రాసుకుంటారు. ఇవి నావి.

దిగిన రోజు

మా దీవి ఆస్ట్రేలియాకు పైకొసన ఉంటుంది. పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. పన్నెండు మంది కూర్చునే విమానం వారానికి మూడుసార్లు వస్తుంది. బియ్యం, కూరగాయలు, గ్యాసు బండలు మంగళవారం బార్జ్ అనే సరుకుల పడవ మీద వస్తాయి. సముద్రం బాగోకపోతే అదీ రాదు.

మమ్మల్ని పంపించిన మిషన్ ఆఫీసులో గ్రాహం గారని పెద్దాయన ఉండేవారు. బయల్దేరే ముందు మాకు టీ ఇచ్చి రెండు మాటలు చెప్పారు. "వాళ్ళు మంచివాళ్ళే. కానీ వస్తువులు అడుగుతారు. ఒకసారి ఇస్తే ఇక ఇల్లు మీది కాదు. ఎక్కడికైనా వెళ్తే అన్నీ తాళం వెయ్యండి." గ్రాహం గారు చెడ్డమనిషి కాదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. కాకపోతే ఆ ముప్పై ఏళ్ళూ ఆఫీసు కిటికీలోంచి చూసినవే. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు. పెద్దాయన చెప్పాడు కదా అని కొంగున ముడేసుకున్నాను.

దీవిలో విమానం దిగగానే మొదట పలకరించింది ఆంటీ డోరా. అక్కడ కూడా పెద్దవాళ్ళని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, మన వాళ్ళలాగే. డెబ్భై దాటిన మనిషి. పూల గౌను, చేతిలో తాటాకు విసనకర్ర. రెండు కళ్ళలోనూ పాలపొర లాంటి శుక్లం. చర్చిలో పాట ఎత్తేది ఆవిడే, ఎవరింట్లో చావైనా పెళ్ళైనా మొదట కబురెళ్ళేది ఆవిడకే. నా మొహానికి దగ్గరగా మొహం పెట్టి చూసి అడిగింది.

"పేరేంటి?"

"కరుణమ్మ."

"కరూ అంటాను. ఎప్పుడు వెళ్ళిపోతారు, కరూ?"

ఇంకా పెట్టె కింద పెట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. "చూశారా అండీ, రాగానే పొమ్మంటోంది" అన్నాను అయ్యగారితో తెలుగులో.

"ఊరికే అడిగి ఉంటుందిలే. నువ్వు ప్రతిదానికీ వెనకాల ఇంకోటి వెతక్కు" అన్నారాయన.

ఆ రోజే వెతకడం మొదలుపెట్టాను.

రోజులు ఎలా గడిచేవి

చాలామంది అనుకునేది ఏమిటంటే, దీవంటే కొబ్బరిచెట్టు, ఇసుక, ఊయల. మా వాళ్ళు కూడా సిడ్నీలో మన కొట్లుండే హారిస్ పార్క్‌లో కనబడినప్పుడు "మీకేంటి వదినా, రోజూ హాలిడేయే. సేవ అంటారు గానీ బీచ్ చూసుకోడానికే వెళ్ళారు" అని ఎత్తిపొడిచేవాళ్ళు. నవ్వేదాన్ని. అక్కడి నీళ్ళలో మొసలి ఉంటుందని, పదకొండేళ్ళలో నేను మోకాళ్ళ దాకా కూడా దిగలేదని చెప్పినా నమ్మేవాళ్ళు కాదు.

నిజానికి ఉండే పని ఇది. తెల్లారి లేచి తొట్టిలో వాననీళ్ళు ఎంతున్నాయో చూసుకోవాలి. ముందు చర్చి ఊడ్చాలి, తర్వాత ఇల్లు. రోజూ ఇద్దరు ముగ్గురు రోగుల్ని చూసి రావాలి. బుధవారం ఆడవాళ్ళ కూటం. అక్కడ బైబిల్ చదివేది పావుగంట, చాపలు అల్లుతూ మాట్లాడుకునేది మూడు గంటలు. చావు వస్తే మూడు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించే తీరిక ఉండదు, వాళ్ళ పొయ్యి దగ్గరే ఉండాలి. వర్షాకాలంలో ఉతికిన బట్ట వారమైనా ఆరదు. మా గోదావరి వాళ్ళం వంజరం అంటామే, ఆ చేప అక్కడ పుష్కలం. చింతపండు మాత్రం సెలవులకి వచ్చినప్పుడు కొనుక్కెళ్ళాలి. మొదటిసారి పులుసు పెట్టి ఆంటీ డోరా ఇంటికి పంపిస్తే, గిన్నె తిరిగిస్తూ "ఇందులో చేప బాగుంది" అంది. పులుసు గురించి ఒక్క మాట లేదు.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి ఒకటి చెప్తాను. ఈ పనులేవీ మిమ్మల్ని అలసిపోయేలా చెయ్యవు. నన్ను అలసిపోయేలా చేసింది అనుమానం. వరండాలో ఎవరు కూర్చున్నా, ఎందుకు కూర్చున్నారు అనుకునేదాన్ని. ఆంటీ డోరా ఇల్లు మా ఎదురుగా. పొద్దున్నుంచీ మా గుమ్మంకేసి తిరిగి కూర్చునేది. కళ్ళు సరిగ్గా కనబడని మనిషి అంతసేపు ఏం చూస్తోంది? మా ఇంట్లోకి ఏం వస్తోందో, ఏం బయటికి పోతోందో లెక్క పెడుతోందా? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏం చూస్తున్నారు, ఆంటీ?"

"మీరు ఉన్నారో లేరో" అంది.

అంతకంటే సూటిగా ఎవరూ చెప్పరు. అయినా నాకు అర్థం కాలేదు.

మొదటి సెలవులు

మా మొదటి ఏడాది ఎండాకాలం చివర కళ్ళ డాక్టరు విమానంలో వచ్చి దీవిలో అందరినీ పరీక్ష చేశాడు. ఆంటీ డోరా రెండు కళ్ళకీ ఆపరేషన్ చెయ్యాలన్నాడు. కుడికన్ను బాగా ముదిరింది, వానలు మొదలయ్యేలోగా కెయిర్న్స్ పెద్దాసుపత్రికి వచ్చెయ్యాలి, ఆలస్యం చేస్తే చూపు మొత్తం పోవచ్చు అని నా ఎదురుగానే చెప్పాడు.

ఆంటీ డోరా వెళ్ళనంది. వాళ్ళ అక్క ఎప్పుడో పెద్దాసుపత్రికని వెళ్ళి శవపేటికలో తిరిగొచ్చిందట. అందరూ చెప్పి చూశారు. చివరికి నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని, "నేను తోడొస్తాను ఆంటీ. మంచం పక్కనే కూర్చుంటాను" అన్నాను. చాలాసేపు విసనకర్ర ఊపుకుంది.

"నువ్వు హాలిడేకి పోతున్నావుగా?"

"మూడు వారాలే. రాగానే వెళ్దాం."

"రాగానే" అంది. అలా అనడం ఒప్పుకోవడమే. ఆ కన్ను నా మాట మీద ఆగింది. ఈ సంగతి చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ వారం నేను సామాన్లు సర్దుకుంటుంటే ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ముందు ఆంటీ డోరా మేనకోడలు రీటా వచ్చి, "కరూ, మీ కుట్టుమిషను మా ఇంట్లో పెట్టుకుంటాం, వచ్చేదాకా" అంది. తర్వాత విమానాల దగ్గర సామాను మోసే అంకుల్ సాల్ వచ్చి అయ్యగారి గొడుగు అడిగాడు. వాన లేదు, మబ్బు కూడా లేదు. చివరికి ఆంటీ డోరాయే కర్ర పట్టుకుని మా మెట్లెక్కింది.

"ఆ ఈల వేసే గిన్నె ఇవ్వు."

"ప్రెషర్ కుక్కరా? మీకెందుకు ఆంటీ?"

"నా దగ్గర పెట్టుకుంటాను."

"వండుకుంటారా?"

"వండను. పెట్టుకుంటాను."

వండని మనిషికి కుక్కరెందుకు? గ్రాహం గారి మాట చెవిలో గంట కొట్టినట్టయింది. మేం ఇంకా గుమ్మం దాటలేదు, ఇల్లు పంచుకుంటున్నారు అనుకున్నాను. "లేదు ఆంటీ, ఇవ్వను. అది మా అమ్మ ఇచ్చింది" అన్నాను. ఇందులో సగం అబద్ధం. అమ్మ ఇచ్చింది పాతది. ఇది హారిస్ పార్క్‌లో కొన్నది.

ఆవిడ కర్ర అందుకుంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అయ్యగారు అన్నారు, "ఒక కుక్కరుకి ఏమైందే? ఇచ్చెయ్యకపోయావా?"

"మీరు ఊరుకోండి. ఇవాళ కుక్కరు, రేపు గ్యాసు పొయ్యి. తిరిగొచ్చేసరికి నాలుగు గోడలుంటాయి."

ఆ తర్వాత నేను చేసింది మన ఇళ్ళలో ఊరెళ్ళేటప్పుడు అందరూ చేసేదే. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచిపెట్టాను. బిందెల్లో నీళ్ళు పారబోసి బోర్లించాను. కుర్చీల మీద పాత చీరలు కప్పాను. విలువైనవన్నీ లోపలి గదిలో పెట్టి తాళం, హాలుకి తాళం, బయటి తలుపుకి నరసాపురం నుంచి తెచ్చుకున్న ఇత్తడి తాళం. వేశాక రెండుసార్లు గుంజి చూశాను. మా అమ్మ అలాగే గుంజేది, నా చెయ్యి దానంతట అదే గుంజింది. వెనక్కి తిరిగితే రోడ్డు మీద జనం నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ చెయ్యి ఊపలేదు.

"చూశారా మొహాలు?" అన్నాను. "ఎలా మాడిపోయాయో."

సెలవులంతా తాళంచెవే

మూడు వారాలు మా అమ్మాయి దగ్గర ఉన్నాం. సిడ్నీ తీసుకెళ్ళింది. హారిస్ పార్క్‌లో దోసెలు తిన్నాం, చింతపండు, కారం, ఇంగువ కొన్నాం. ఎక్కడికెళ్ళినా నా చెయ్యి పర్సులోనే, తాళంచెవి మీద. మనవరాలు గమనించింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ బదులు ఇంగ్లీషులో ఇస్తుంది. "అమ్మమ్మా, వై డు యూ కీప్ టచింగ్ యువర్ పర్స్?" అంది. మా అమ్మాయి విసుక్కుంది. "అమ్మా, యూ ఆర్ ఆన్ హాలిడే. ఆ కుక్కర్ పోతే నేను కొంటాను, చిల్ అవ్వు కాసేపు."

చిల్ అవ్వలేదు. రాత్రి పడుకుంటే ఆంటీ డోరా మా వంటింట్లో పప్పు ఉడకబెడుతున్నట్టు కల.

తిరిగొచ్చేసరికి విమానం దగ్గర ఎవరూ లేరు. సామాను మేమే మోసుకున్నాం. తాళాలు మూడూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. తీసి చూస్తే ఒక్క చెంచా కూడా పోలేదు. కానీ గాలి ఆడకుండా మూడు వారాలు బిగించిన ఇంట్లో, ఆ తేమకి, బూజు పట్టని వస్తువు లేదు. కుర్చీల చీరల మీద, చెప్పుల మీద, అయ్యగారి బైబిల్ అట్ట మీద పచ్చటి నూగు. "దొంగలెవరూ రాలేదే కరుణా, ఇదొక్కటే వచ్చింది" అని అయ్యగారు బైబిల్‌ని తువ్వాలుతో తుడుస్తూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం చర్చిలో ఆరుగురున్నారు. పాట ఎత్తేవాళ్ళు లేక అయ్యగారే ఎత్తారు, శ్రుతి తప్పారు. మధ్యాహ్నం చింతపండు పొట్లం ఒకటి పట్టుకుని ఆంటీ డోరా ఇంటికి వెళ్ళాను.

"వచ్చాను ఆంటీ. కెయిర్న్స్ ఎప్పుడు వెళ్దాం? డాక్టరు తొందరగా అన్నాడు."

"వెళ్ళను."

"రాగానే వెళ్దామన్నారుగా."

"నువ్వన్నావు. నేను వెళ్ళను. నీకు మళ్ళీ హాలిడే ఎప్పుడు?"

కుక్కరు ఇవ్వలేదని కక్ష పెట్టుకుంది అనుకున్నాను. కన్ను పోతున్నా పర్వాలేదు, నన్ను సాధించాలి అనుకుంటోంది అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గానీ, అనుకున్న మాట అనుకున్నట్టు రాయకపోతే ఈ రాత ఎందుకు?

ఒక ఏడాది

ఆ తర్వాత ఏడాది మేం ఆ ఊళ్ళో అద్దెకున్నవాళ్ళలా ఉన్నాం. ఇదివరకటిలా ఎవరింటి నుంచీ చేప వచ్చేది కాదు. బుధవారం కూటానికి నలుగురు. దీవిలో ఉండే నర్సుని తీసుకుని రెండుసార్లు ఆంటీ డోరాని అడిగాను. రెండుసార్లూ విసనకర్రతో వద్దని ఊపింది. అయ్యగారిచేత గ్రాహం గారికి ఉత్తరం రాయించాను, ఒక ముసలావిడ ఊరిని మా మీదికి ఎగదోస్తోందని. ఆయన ఫోన్ చేసి, "నేను ముందే చెప్పాను కదా" అన్నారు. ఆ మాటతో నా అనుమానానికి ఆఫీసు ముద్ర పడింది. ఎంత హాయిగా అనిపించిందో. పై అధికారి ఒప్పుకున్నంత మాత్రాన మన అనుమానం నిజమైపోదు. వయసు మీద పడ్డాక గాని నాకీ సంగతి తెలియలేదు.

వానల్లో ఒక నెల ఆంటీ డోరా నుదుటికి తడిగుడ్డ కట్టుకుని కనిపించింది. తలపోటు అన్నారు. కుడికన్ను ఎర్రగా ఉందన్నారు. చర్చికి రాకుండా ఉండడానికి నాటకం అనుకున్నాను. అయ్యగారు వెళ్ళి ప్రార్థన చేసి వచ్చి, "ఏవే, నిజంగానే బాధపడుతోంది. ఓసారి వెళ్ళి చూసిరా" అన్నారు. పొయ్యి మీద కూర ఉందన్నాను. కూర దించేశాక కూడా వెళ్ళలేదు.

రీటా చెప్పింది

మళ్ళీ సెలవులు వచ్చాయి. టిక్కెట్లు తీసుకున్నాం. నేను పెట్టె సర్దుతుంటే రీటా చర్చి తాళాల కోసం వచ్చింది. నా నోరు ఊరుకోదు.

"ఏం రీటా, ఈసారి ఏం కావాలి? కుట్టుమిషనా, గొడుగా?"

రీటా నవ్వింది. కోపం వస్తే కూడా నవ్వే మనిషి. మెట్ల మీద కూర్చుంది.

"ఏం వద్దులే కరూ. నువ్వు రావనుకున్నాం, వచ్చావు. ఈసారి రావులే."

"నేను రాకపోవడమేంటి? హాలిడే అంటే తిరిగిరావడమే కదా?"

"మీకు ముందు ముగ్గురు పాస్టర్లూ ఆ మాటే అన్నారు. హాలిడే అన్నారు, తాళం వేశారు, పోయారు. మొదటాయన తాళం రెండేళ్ళు వేలాడింది. తుప్పు పట్టాక అంకుల్ సాలే కోశాడు. రెండో ఆయన భార్య మా అమ్మని కౌగిలించుకుని ఏడ్చి మరీ చెప్పింది, మూడు వారాలే అని. మూడో ఆయన కుక్కని కూడా తీసుకెళ్ళాడు. అప్పుడే మాకు తెలిసిపోయింది." గాలికి జుట్టు వెనక్కి తోసుకుంది. "మా ఇంట్లో ఎవరు పనికి బయటికెళ్ళినా, వాళ్ళకి లేకపోతే కుదరని వస్తువొకటి ఆంటీ దగ్గర పెట్టి వెళ్తారు. మా అన్నయ్య గిటార్ పెట్టాడు. దానికోసమైనా వస్తాడు. అందుకే మీవి అడిగాం. నువ్వేమీ ఇవ్వలేదు. పైగా మూడు తాళాలు. నీళ్ళు కూడా పారబోశావు. మా వైపు చావు జరిగిన ఇంటినే అలా చేస్తారు."

నేను పెట్టె మూత వేసి దాని మీద కూర్చున్నాను.

"మరి కుక్కరు..."

"ఆ ఈల అంటే ఆంటీకి చచ్చేంత భయం. అది కూస్తే అటుపక్క గదిలోకి పోతుంది. నీకు అది లేకపోతే అన్నం దిగదని అడిగింది."

ఒక విషయం నాకు ఇంకా అంతుపట్టదు. ఏడాదంతా అంతమంది మధ్య ఉన్నాను. ఎందుకిలా చేస్తున్నారని ఒక్కరినైనా అడగలేదు. అడిగితే అబద్ధం చెప్తారని ముందే అనేసుకున్నాను. కొత్తగా వెళ్ళేవాళ్ళకి ఇది తప్ప వేరే టిప్పు నా దగ్గర లేదు. అడగండి. వాళ్ళ జవాబు మీద అనుమానపడండి, కావాలంటే. అడక్కముందే పడకండి.

జామీను

సాయంత్రం ఆంటీ డోరా దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గరే కింద కూర్చున్నాను. ఆవిడ కుడివైపు నుంచి వెళ్తే మనిషి వచ్చినట్టే తెలియలేదు, ఎడమవైపుకి జరిగితే గానీ.

"ఆంటీ, టిక్కెట్లు క్యాన్సిల్ చేశాం. కెయిర్న్స్ వెళ్దాం, పదండి. కుక్కరు తెస్తాను, మీ దగ్గర పెట్టుకోండి."

"గిన్నె ఎవరిక్కావాలి?" అంది. "కెయిర్న్స్‌లో నన్ను వదిలేసి మీ అమ్మాయి దగ్గరికి పోతావు. అక్కణ్ణుంచి దగ్గరేగా."

"పోను."

"పోవు అని నువ్వంటావు. రీటా చెప్పింది కదా, అందరూ అంటారని."

"మరి ఏం పెట్టమంటారు?"

విసనకర్ర ఆపి ఆలోచించింది. ఆ ముసలి మొహంలో మొదటిసారి చిన్నపిల్ల అల్లరి కనబడింది.

"మీ ఆయన్ని పెట్టు. నేను తిరిగొచ్చేదాకా మా ఇంట్లో ఉండాలి. మా తిండే తినాలి. మీ ఇంటికి వెళ్ళకూడదు."

ఇంటికొచ్చి చెప్తే అయ్యగారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"నేనేమన్నా ప్రెషర్ కుక్కర్‌నా?"

"అంతకంటే ఎక్కువే ఈల వేస్తారు మీరు. పడుకుంటే తెలుస్తుంది వాళ్ళకి."

"వాళ్ళు తాబేలు మాంసం పెడితే?"

"ప్రార్థన చేసుకుని తినండి."

మర్నాడు చేతిసంచిలో రెండు లుంగీలు, బైబిల్, బీపీ మాత్రలు పెట్టుకుని రోడ్డు దాటి ఆంటీ డోరా ఇంట్లోకి వెళ్ళారు. రీటా తన మంచం ఇచ్చింది. ఊరంతా ఆ పది అడుగుల ప్రయాణం చూడటానికి వచ్చారు. అంకుల్ సాల్ అయితే చప్పట్లు కొట్టాడు. ఈసారి మా ఇంటి తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

కెయిర్న్స్

విమానంలో ఆంటీ డోరా నా చెయ్యి వదల్లేదు. ఆసుపత్రిలో రెండు రోజులు పరీక్షలు చేశారు. మూడో రోజు డాక్టరమ్మ వచ్చింది. మా మనవరాలి కంటే పదేళ్ళు పెద్దది ఉంటుందేమో. కుర్చీ దగ్గరికి లాక్కుని గబగబా చెప్పింది. ఎడమకంటికి రేపు ఆపరేషన్, చూపు బాగా వస్తుంది. కుడికంట్లో శుక్లం ముదిరి ఒత్తిడి పెరిగిపోయింది, లోపలి నరం చచ్చిపోయింది, ఇక ఏమీ చెయ్యలేం. పోయినేడు చెప్పిన టైముకి వచ్చుంటే రెండూ దక్కేవి. ఇంత నొప్పి ఎలా ఓర్చుకుందో ఆశ్చర్యం అంది. రిపోర్టు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆంటీ డోరా పైకప్పుకేసి చూస్తూ పడుకుంది.

"ఏమందావిడ, కరూ?"

ఎడమకంటి సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చు. రేపు ఆపరేషన్ పెట్టుకుని మనసు పాడుచెయ్యడమెందుకు, ఇంటికెళ్ళాక అయ్యగారిచేత నెమ్మదిగా చెప్పిద్దాం అని మనసు దారులు వెతుకుతూనే ఉంది. పదిమంది రోగుల దగ్గర కూర్చుని అలాంటి మాటలు చెప్పిన నోరు ఇది. ఈసారి రాలేదు.

"ఎడమకన్ను వస్తుంది. కుడికన్ను పోయింది ఆంటీ. పోయినేడు వచ్చుంటే ఉండేది. మీరు వస్తానన్నారు. నేను తాళాలు వేసుకుని పోయాను. మీరు కుక్కరు కోసం పగబట్టారనుకున్నాను. నుదుటికి గుడ్డ కట్టుకుంటే నాటకమనుకున్నాను. రోడ్డు దాటి వచ్చి చూడలేదు. ఈ కన్ను నా వల్ల పోయింది."

పక్క మంచం దగ్గర ఎవరిదో టీవీ నడుస్తోంది.

"నాకు చెవులు బాగానే ఉన్నాయి" అంది ఆవిడ. "ఆ పిల్ల చెప్పిందంతా విన్నాను. ఆ కన్ను పోయిందని నాకు ఇంట్లోనే తెలుసు. నా కన్ను నాకు తెలీదా?"

"మరి నన్నెందుకు అడిగారు?"

"నువ్వేం చెప్తావో విందామని."

నేను ఏడ్చాను. ఊరుకోమనలేదు. పర్వాలేదు అని కూడా అనలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఎదురెదురుగా ఉన్నాం, నా చేతి పులుసు తింది, నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది, ఆ మాట మాత్రం ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే న్యాయం.

కాసేపయ్యాక చెయ్యి చాపి నా పర్సు తడిమింది.

"ఫోన్ తియ్యి. పాస్టర్‌కి చెయ్యి."

"ఎందుకు?"

"ఇంటికెళ్ళమను. పాపం రీటా మూడు రోజుల్నుంచి చాప మీద పడుకుంటోంది."

"మనం తిరిగెళ్ళేదాకా అన్నారుగా. ఇంకా ఆపరేషనే కాలేదు."

"చెప్పింది చెయ్యి, కరూ."

చేశాను. అయ్యగారు వెంటనే ఎత్తారు. వెనకాల గలగలా నవ్వులు, ఎవరో గిటార్ వాయిస్తున్నారు. "మిమ్మల్ని వదిలేశారండీ, ఇంటికెళ్ళమంటున్నారు ఆంటీ" అన్నాను.

"అప్పుడేనా? ఇక్కడ చేప నిప్పుల మీద ఉందే. తిని వెళ్తానని చెప్పు."

చెప్పాను.

"తిననీ" అంది ఆంటీ డోరా, గోడకేసి తిరిగి దుప్పటి లాక్కుంటూ.